బల్లకు ముందు శనివారం

మా మరదలు తబితకూ నాకూ నెలకో పోట్లాట, నెలకో సంధి. పోట్లాటకు తేదీ లేదు గాని సంధికి ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం మా లూథరన్ గుడిలో సంస్కారం ఇస్తారు. ప్రభువు బల్ల అంటాం. ఎవరి మీదైనా కోపం మనసులో పెట్టుకుని ఆ బల్ల దగ్గర మోకరించి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోకూడదని మాకు చిన్నప్పటి నుంచీ చెబుతారు. అందుకని తణుకు పక్కన మా ఊరి పేటలో ఆ ముందు రోజు, శనివారం సాయంత్రం చూడాలి. నెలంతా మొహాలు తిప్పుకున్న ఆడవాళ్ళు గిన్నెల మీద మూతలు పెట్టుకుని ఒకరి గుమ్మానికి ఒకరు బయలుదేరతారు.

దానికో పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి "రేపు బల్లండి" అనాలి. ఇంట్లోవాళ్ళు "రండి, కూర్చోండి, కాఫీ పెడతాను" అనాలి. అంతే. తప్పెవరిదన్న మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆ సంధి కాస్తా చిలికి చిలికి గాలివాన అవుతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని నేను. తప్పెవరిదో తేల్చకుండా వదలడం నా ఒంటికి పడదు. అయినా ఆ ఒక్క సాయంత్రం నోరు కట్టేసుకుంటాను. ఎందుకంటే తబిత తెచ్చే గిన్నెలో సున్నుండలు ఉంటాయి. ఎప్పుడూ తనే వస్తుంది. నేను వెళ్ళిన నెల లేదు. పెద్దదాన్ని కదా అనుకునేదాన్ని.

ఆ గిన్నెకు ముందు నడిచి వచ్చేది నా మేనకోడలు ఆశాజ్యోతి. మా తమ్ముడు విజయ్ పాల్‌కూ తబితకూ ఒక్కతే పిల్ల. గౌను వేసుకునే వయసులో ముందుగా పరిగెత్తుకొచ్చి, "అత్తా, అమ్మ వస్తోంది, కోపం అయిపోయిందంట" అని చెప్పేది. అవతలింట్లోనూ అలాగే నా సంగతి చెప్పేదట. పిల్లకు మా ఇద్దరి కోపాలూ కంఠతా వచ్చు. మా ఇళ్ళ మధ్య గోడ కూడా లేదు, ఒక జామచెట్టు ఉంది, అంతే.

ఆశకు పాత వస్తువుల పిచ్చి మా అమ్మ ట్రంకుపెట్టె దగ్గర మొదలైంది. మా అమ్మ పాపాయమ్మ చిన్నతనంలో సండే స్కూలుకు మానకుండా వెళ్ళిన పిల్లలకు దొరసానులు చిన్న చిన్న రంగు కార్డులు ఇచ్చేవారు. ఒక బొమ్మ, బొమ్మ కింద ఒక వాక్యం, చుట్టూ పూలతీగల అంచు. అమ్మ ఆ కార్డులన్నిటినీ గంజితో ట్రంకుపెట్టె మూత లోపలివైపు అతికించుకుంది. వాటి సందుల్లో బట్టల తానుల మీది లేబుళ్ళు, సబ్బు కాగితాలు, టీ పొట్లాల మీది ఏనుగులు. అమ్మ పోయాక ఆ పెట్టె నా దగ్గరికొచ్చింది. ఆశ బడి నుంచి రాగానే మూత తెరిచి, గోడకు ఆనించి, దాని ముందు బోర్లా పడుకునేది. ఆ గొర్రెల వైపు చూసి, ఇవి మన కాలవగట్టు గొర్రెల్లా లేవేంటత్తా అని అడిగేది. అవి చలిదేశం గొర్రెలే అని చెప్పేదాన్ని. మన గొర్రెలను ఎందుకు వేయలేదు అనేది. ఆ మాటకు వెళ్ళి అన్నం తినమని కసిరేదాన్ని.

ఇంటర్‌కు వచ్చేసరికి ఆ పిచ్చి పూర్తిగా ముదిరింది. ఒకసారి చుట్టాల పెళ్ళి బట్టలకని ఆశను పెనుగొండ తీసుకెళ్ళాను. అక్కడ అమ్మవారి గుడి వీధిలో మా అమ్మ నాటి నుంచీ ఎరిగిన బట్టల కొట్టు. నేను చీరలు చూస్తుంటే ఇది కొట్టాయన చంద్రరావు గారిని పట్టుకుని, మీ నాన్నగారి కాలం నాటి చీరల డబ్బాలేమైనా ఉన్నాయా అండీ అని మొదలుపెట్టింది. ఆయన అటక ఎక్కించాడు గుమస్తాను. దుమ్ములోంచి నెమలి బొమ్మ అట్టపెట్టెలు దిగాయి. నేను ఒక్క చీర కూడా కొనలేదు, ఇది మాత్రం చంకనిండా ఖాళీ డబ్బాలతో బయటికొచ్చింది. బస్సులో అందరూ మమ్మల్నే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. దానికి మాత్రం ఆ నెమలి తోకలో బంగారం రంగు ఒక్కటే రెండుసార్లు అద్దారని కనిపెట్టిన ఆనందంతో దారి పొడుగునా నోరు ఆగలేదు.

అలాంటి పిల్ల బొమ్మల చదువు చదువుతానంటే ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. బెంగళూరులో ఒక పెద్ద డిజైన్ కాలేజీ ఉందనీ, పరీక్ష రాస్తే సీటు, పైగా స్కాలర్‌షిప్పు కూడా రావచ్చనీ వాళ్ళ లెక్చరర్ చెప్పాడు. ఆ ఏడు జనవరి ఒకటిన పొద్దున ఆరాధనకు ఆశ రాలేదు, పరీక్ష కోచింగ్‌లో ఉంది. కొత్త సంవత్సరం రోజున మా గుడిలో వాగ్దానపు కార్డులు పళ్ళెంలో పెట్టి తిప్పుతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటే, అందులో ఉన్న వాక్యం ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన మాట. తబిత తనకొకటి తీసుకుని, కూతురి పేరు మనసులో చెప్పుకుని ఇంకొకటి తీసింది. దాని మీద తెరిచిన తలుపు బొమ్మ ఉంది. ఎవరూ మూయలేని తలుపు గురించిన వాక్యం.

జూన్‌లో సీటొచ్చింది. ఇంకేముంది. మా గుడిలో కృతజ్ఞత కానుక ఇచ్చేవాళ్ళు లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పవచ్చు. తబిత మామూలుగా నలుగురిలో నోరు విప్పదు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఎన్ని మాటలన్నా తలొంచుకుని మిషను తొక్కుతుంది. నోరంతా నా దగ్గరే. ఆ రోజు మాత్రం ఆ కార్డు పైకెత్తి పట్టుకుని, ఆ తలుపు దేవుడే తీశాడనీ, ఆ సీటు దేవుడిచ్చిన సీటనీ, తన పిల్లను ఆయనే అక్కడ పెట్టాడనీ చెప్పింది. గుడంతా స్తోత్రం అంది. చెవులు సరిగా వినపడని సామ్యేలు తాత అందరికన్నా ఆఖర్న, అందరికన్నా గట్టిగా అన్నాడు. నేను కూడా అన్నాను. నా కళ్ళు తడిశాయి, దాచుకోవడం దేనికి.

ఆ కాలేజీలో తప్పేమీ లేదు. అది మంచి కాలేజీయే, ఎందరో పిల్లలు అక్కడ చదివి బాగుపడ్డారు. మా పిల్లకు పడలేదు. అక్కడ పనంతా కంప్యూటర్ మీద. ఫోన్లలో వేలితో నొక్కే బటన్లు ఎక్కడ ఉండాలి, ఏ రంగులో ఉండాలి, అదీ చదువు. ఇది ఏది గీసినా అంచుకొక పూలతీగ వచ్చేది. పాతవి చూసి మురిసిపోవడం డిజైన్ కాదమ్మా అని మేడమ్ ఒకావిడ నెమ్మదిగానే చెప్పిందట. మార్కులు బాగానే వచ్చేవి. అదే చిక్కు. మార్కులు రాకపోతే ఇంట్లో చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది.

ఫోన్లో బాగున్నానత్తా అనేది. పిల్లల అబద్ధాలు వినీ వినీ చెవులు కాయలు కాసినదాన్ని, నాకు తెలియదా. ఆ గొంతులో తడి లేదు. పెట్టె మూత ఫోటో తీసి పంపమని అడిగేది మొదట్లో, తరవాత అడగడం మానేసింది. అక్కడ గుడికి వెళుతున్నావా అని వాళ్ళమ్మ అడిగితే ఊఁ అనేది. రెండో ఏడు క్రిస్మసుకు వచ్చినప్పుడు చూశాను, నక్షత్రం కట్టడానికి వెదురు చీల్చి పెడితే ముట్టుకోలేదు. నాలుగో తరగతి నుంచీ మా వీధికి నక్షత్రం కట్టే పిల్ల అది. నాకు భయమేసింది.

ఆ సెలవుల్లోనే నా కళ్ళ పరీక్షకని ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. ఆసుపత్రిలో కళ్ళలో చుక్కల మందు వేసి పంపేశారు. సాయంత్రం దాకా ఏమీ ఆనదు. ఆశ నా చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఒక సందు మొదట్లో టక్కున ఆగిపోయింది. నాకూ వినపడింది, టకటకా ఒక మిషను చప్పుడు. ఇటు రా అత్తా అని నన్ను లాక్కెళ్ళింది. మెట్లు ఎక్కాం. సిరా వాసన, కిరసనాయిలు వాసన. అది ఒక చిన్న చిత్రకళ కాలేజీ అట. మూతబడిన ప్రెస్సుల నుంచి కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్లూ సీసపు అక్షరాలూ చెక్క బ్లాకులూ తెచ్చి పెట్టుకుని, పిల్లల చేత చేత్తో అచ్చు వేయిస్తున్నారు.

నాకు మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చున్నాను. కూర్చుని ఆశ గొంతు విన్నాను. ఆ మాస్టారిని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతోంది. ఈ అంచు బ్లాకు ఏ చెక్క అండీ, రంగు రంగుకీ వేరే బ్లాకా అండీ, కాగితం జరగకుండా ఎలా పడతారండీ. మధ్యలో నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. పెనుగొండ బస్సులో నన్ను సిగ్గుపడేలా చేసిన గొంతే అది. కళ్ళలో మందు వేశారు కాబట్టి సరిపోయింది, నీళ్ళు కారితే ఎవరూ ఏమీ అనుకోలేదు.

తిరిగొచ్చే బస్సులో అడిగింది, ఇక్కడికి మారిపోనా అత్తా అని. మళ్ళీ రెండో సంవత్సరం చదవాలి, ఒక ఏడాది పోతుంది, అయినా మారతాను, మాస్టారు జూలైలో చేర్చుకుంటామన్నారు అంది. పోతే ఏడాదే కదా అన్నాను. అమ్మ ఒప్పుకోదు అంది. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్ అన్నాను. అంత గొప్పలకు పోయి ఉండకూడదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాం. విజయ్ పాల్ హైస్కూల్లో గుమస్తా. అక్కడ హెడ్మాస్టరు మాట, ఇక్కడ పెళ్ళాం మాట, మధ్యలో అక్క మాట. మీ ఇద్దరూ ఏమనుకుంటే అదే అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. తబిత మాత్రం కదల్లేదు. డబ్బు గురించి అడగలేదు, ఏడాది పోవడం గురించి అడగలేదు.

"దేవుడిచ్చిన సీటని గుడి మధ్యలో నిలబడి చెప్పానండి వదినా," అంది. "ఇప్పుడు పిల్ల దిగొచ్చేస్తే ఏమనుకోమంటారు? దేవుడు పొరపాటు పడ్డాడనా, నేను అబద్ధం ఆడాననా?"

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. మామూలు మాటకే అంత ఉంటే ఇది సాక్ష్యం. మా గుడి పుట్టి ఇన్నేళ్ళయినా సాక్ష్యం వెనక్కి తీసుకున్న మనిషి లేడు. నేను ఊరుకోకుండా నా తెలివి చూపించాను. తలుపు తెరిచి ఉందంటే లోపలికి వెళ్ళడానికేనా, బయటికి రావడానికి పనికిరాదా అన్నాను. చాలా బాగా చెప్పాననుకున్నాను. తబిత నా కంచంలో మజ్జిగ పోస్తూ, వాక్యంతో ఎకసెక్కాలొద్దండి అంది. ఆ నెల పోట్లాట అలా మొదలైంది. ఆశ మర్నాడే సామాను సర్దుకుని బెంగళూరు బస్సెక్కేసింది.

అప్పటి నుంచీ నెలనెలా శనివారం సంధి, సోమవారానికి మళ్ళీ అదే గొడవ. మే నెలాఖరుకు పిల్ల సెలవులకు వచ్చింది. చిక్కిపోయి వచ్చింది. ఇల్లు ఊడ్చింది, వాళ్ళమ్మ మిషనుకు దారం ఎక్కించింది, అడిగినదానికి జవాబు చెప్పింది. పెట్టె మూత మాత్రం తెరవలేదు.

జూన్ మొదటి ఆదివారం బల్ల. మా గుడిలో ఆడవాళ్ళు ఎడంవైపు. వరస వరసగా లేచి, పీఠం ముందున్న కమ్మీ దగ్గరికి వెళ్ళి మోకరించాలి. మా వరస వచ్చింది. నేను లేచాను, తబిత లేచింది. ఆశ లేవలేదు. తబిత భుజం తట్టింది. ఆశ మోకాళ్ళు ఓ పక్కకు జరిపి వాళ్ళమ్మకు దారి ఇచ్చింది, తను మాత్రం కూర్చునే ఉంది. బల్లకు అర్హత ఇచ్చే కన్ఫర్మేషన్ తీసుకున్న దగ్గర నుంచీ, ఊళ్ళో ఉంటే ఒక్క బల్ల తప్పని పిల్ల. నా వెనక ఉన్న వరసలన్నీ దాన్నే చూస్తున్నాయని నా వీపుకు తెలిసింది. మా పాస్టరు ఎజ్రా అయ్యగారు చేతిలో రొట్టె పెడితే ఏం చెప్పారో కూడా నాకు వినపడలేదు.

మధ్యాహ్నానికల్లా పేటలో తీర్పు అయిపోయింది. పిల్ల బెంగళూరులో ఎవరినో ప్రేమించింది. సాయంత్రానికి ఆ అబ్బాయికి మోటారు సైకిలు కూడా వచ్చింది. మా వీధి లోవలక్ష్మి దాని రంగు కూడా చెప్పగలిగేది, నేను ఆ దారిన వెళ్ళేసరికి ఆపేసింది.

ఆ రాత్రి తబిత వంటింట్లో పప్పు కలుపుతోంది. నేను పీట మీద కూర్చున్నాను. ఆశ కొత్తిమీర తుంచుతోంది. తబిత వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎవరే అతను?"

"ఎవరూ లేరమ్మా."

"మరెందుకు లేవలేదు?"

ఆశ కొత్తిమీర పళ్ళెం కింద పెట్టి, "కోపంగా ఉందమ్మా. కోపం పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదని నువ్వేగా నేర్పావు" అంది.

తబిత నా వైపు చూసింది. నేను కాదు బాబూ అన్నట్టు చేతులు చూపించాను. నా మీదా అని కూతుర్ని అడిగింది. ఆశ తల అడ్డంగా ఊపింది.

"దేవుడి మీద," అంది. "ఆ సీటు ఆయనే ఇచ్చాడన్నావు. నన్ను అక్కడ ఆయనే పెట్టాడన్నావు. నేను రోజూ ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాడనేగా? అక్కణ్ణుంచి తీసుకెళ్ళమని ఆయన్నే ఎలా అడగనమ్మా, పెట్టిందే ఆయన అయితే?"

గట్టిగా కూడా అనలేదు. నేను అన్నేళ్ళు బడిలో ఎందరు పిల్లల్ని చూశానో, ఇంత బుద్ధిగా కోపం పడ్డ పిల్లను చూడలేదు. నమ్మకం లేని పిల్లయితే మోకరించి, రొట్టె నోట్లో వేసుకుని, వచ్చి కూర్చునేది. ఎవరికి తెలుస్తుంది? ఇది నమ్మింది కాబట్టే లేవలేకపోయింది. ఆ మాట తబితకు చెబుదామనుకున్నాను గాని, పప్పు అడుగంటిన వాసన వచ్చింది. తబిత గరిట పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నేనే లేచి స్టవ్ ఆపాను.

ఆ నెలంతా తబిత నాతో పోట్లాడలేదు. అది నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. ఒక రోజు మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పి, అయ్యగారింటికి వెళ్ళొచ్చింది. ఏమన్నారని తరవాతెప్పుడో అడిగితే చెప్పింది. ఎజ్రా అయ్యగారు పెద్దగా ఏమీ బోధించలేదట. ఆ కార్డు ఎవరు తీశారమ్మా అని అడిగారట. నేనేనండి అందట. ఎవరి కోసం అని అడిగారట. పిల్ల కోసమండి అందట. మీరు ఆ కార్డు చేత్తో పట్టుకున్నాక పిల్లను ఒక్కసారైనా అడిగారా, నీకు అక్కడెలా ఉందని అన్నారట. తబిత లేచి వచ్చేసిందట.

జూలైలో బల్లకు ముందు శనివారం వచ్చింది. రాజమండ్రి కాలేజీ గడువు ఆ వారంలోనే ఉంది. ఆశ బెంగళూరు తిరిగి వెళ్ళడానికి బట్టలు ఉతికి ఆరేసుకుంటోంది. తబిత మధ్యాహ్నం మినుములు వేయించిన వాసన జామచెట్టు దాటి మా ఇంట్లోకి వచ్చింది. పోట్లాట లేని నెలైనా ఆ సున్నుండలు నాకే అనుకుని, సాయంత్రం నేను అరుగు మీద కుర్చీ వేసుకుని, లోపల పాలు వెచ్చబెట్టి సిద్ధంగా కూర్చున్నాను. తబిత పెరటి తలుపులోంచి గిన్నె పట్టుకుని బయటికి రావడం చూసి, మొహం కొంచెం ముడుచుకున్నాను కూడా. సంధికి వచ్చినవాళ్ళకు మొదట్లో కాస్త బిగువు చూపించడం మర్యాద.

తబిత నా గేటు దాటి వెళ్ళిపోయింది. కనీసం ఇటు చూడలేదు. ఎక్కడికబ్బా అని లేచి నిలబడ్డాను. సందు చుట్టూ తిరిగి, వీధిలోకి వచ్చి, తన ఇంటి ముందు మెట్లే ఎక్కింది. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్ళకుండా చెప్పులు విడిచి, గడియ తట్టి, పరాయి ఇంటికి వచ్చినదానిలా గుమ్మం బయట నిలబడింది. ఆశ లోపల్నుంచి వచ్చింది. చేతిలో మడత పెట్టిన దుప్పటి ఉంది.

"రేపు బల్ల," అంది తబిత.

ఆశకు మొదట అర్థం కాలేదు. అమ్మ మొహం, గిన్నె, గిన్నె మీద మూత చూసింది. తరవాత అర్థమైంది, చిన్నప్పుడు ఆ గిన్నె ముందు పరిగెత్తిన పిల్లే కదా. "నా కోపం నీ మీద కాదన్నానుగా అమ్మా," అంది.

"నా మీదే," అంది తబిత. "సీటు రాగానే నాకు సంతోషం పట్టలేదే. ఆ సంతోషంలో ఏదో అన్నాను. అన్నది నేను, పేరు మాత్రం ఆయనది పెట్టాను. ఇన్నాళ్ళూ నువ్వు కోపం పడ్డది నా మాట మీద. ఆయన్ని వదిలెయ్యమ్మా."

తప్పెవరిదన్న మాట ఎత్తకూడదని మా పద్ధతి. ఇన్నేళ్ళలో దాన్ని మీరింది ఆ సాయంత్రం తబిత ఒక్కతే. ఆశ గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. మొదటి నుంచీ ఆపుకున్నదంతా ఏడ్చింది. తబిత గిన్నె వదల్లేక, పిల్లను పట్టుకోలేక, రెంటినీ కలిపి పొట్టకు హత్తుకుంది. చివరికి ఆశ వాళ్ళమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుని, "లోపలికొచ్చి కూర్చోమ్మా, కాఫీ పెడతాను" అంది.

ఆ నెల నా సున్నుండలు నాకు రాలేదు. కాసేపు చూశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మిగిలినవి గిన్నెలో పోసుకుని, మూత పెట్టుకుని, జామచెట్టు కింద నుంచి వాళ్ళ గుమ్మానికి నేనే వెళ్ళాను. రేపు బల్ల అన్నాను. అనడం నాకూ వచ్చునని అప్పుడే తెలిసింది.

మర్నాడు గుడిలో కానుకల వేళ తబిత లేచి నిలబడింది. ఈసారి చేతిలో కార్డు లేదు. రెండేళ్ళ కిందట తన కూతురి సీటు గురించి ఇక్కడే సాక్ష్యం చెప్పాననీ, అందులో దేవుడి మాట ఎంతో తెలియదు గాని తన మాటే ఎక్కువనీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ చెప్పింది. పిల్ల రాజమండ్రిలో చేరుతుందని చెప్పి, ఆ సీటు ఎవరిచ్చారో నాకు తెలియదు, పిల్లకు అక్కడ నవ్వు వచ్చిందని మాత్రం మా వదిన చెప్పింది అని కూర్చుంది. సాక్ష్యం అయ్యాక స్తోత్రం అనడం అలవాటు. దీనికి అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. గుడంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ఏం చెప్పినా అనే సామ్యేలు తాత, ఒక్క ముక్క వినపడకుండానే, గట్టిగా స్తోత్రం అన్నాడు. అప్పుడు అందరూ అన్నారు.

మా వరస వచ్చింది. అందరికన్నా ముందు ఆశ లేచింది. కమ్మీ దగ్గర మా ఇద్దరి మధ్య మోకరించింది. దాని మోచెయ్యి నా మోచేతికి తగిలి ఉంది. అయ్యగారు దాని దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగారనిపించింది. నా భ్రమ కావచ్చు. ఈసారి మాత్రం ఆయన నాకు చెప్పిన మాట వినపడింది.

ఇప్పుడు ఆశ రాజమండ్రిలో చదువుతోంది. వారం వారం వస్తుంది, గోళ్ళలో సిరా, చీకాకులూ పట్టుకుని. ఆ ట్రెడిల్‌తో పడలేక తిట్టుకుంటుంది. మాస్టారు చాదస్తుడంటుంది. ప్రార్థన చేస్తున్నావా అని ఎవరూ అడగడం లేదు. భోజనానికి ముందు దాని పెదాలు కదలడం నేను చూస్తున్నాను, చూసినట్టు చెప్పడం లేదు.

మొన్న కొత్త సంవత్సరానికి వాగ్దానపు కార్డులు నువ్వే వేసిపెట్టమ్మా అని ఎజ్రా అయ్యగారు అడిగారు. పెట్టె మూత మీది పూలతీగల అంచు చెక్క బ్లాకు మీద చెక్కింది. లోపల బొమ్మలు మాత్రం మనవి. కాలవ మీద బాతులు, వరి కంకి, లాకుల దగ్గర పడవ. మన గొర్రెలు కూడా ఉన్నాయి, చెవులు వేలాడేసుకుని, అచ్చం గట్టు మీద నిలబడ్డట్టే. ఒక కార్డు మీద మూత పెట్టిన గిన్నె వేసింది. అది ఎవరికి వచ్చిందో నాకు తెలియదు.

పొద్దున ఆరాధనలో పళ్ళెం మా వరసకు వచ్చింది. నాది నేను తీసుకున్నాను. తబిత తనదొకటి తీసుకుంది. అలవాటు కొద్దీ చెయ్యి మళ్ళీ పళ్ళెం మీదికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగి, వెనక్కి వచ్చేసింది. పళ్ళెం కూతురి ముందుకు జరిపింది. ఆశ కళ్ళు మూసుకుని తన కార్డు తనే తీసుకుంది. కళ్ళు తెరిచి చదువుకుంటుంటే తబిత మెడ చాచి చూడబోయింది, నేను చూస్తూనే ఉన్నాను. అంతలోనే మొహం కిటికీ వైపు తిప్పేసుకుని, ఆరాధన అయిపోయేదాకా మళ్ళీ ఇటు తిప్పలేదు.